సోమ్‌నూర్ వాగు, వెనక లాకు, ట్రాక్టర్ కాక

ప్రాణహిత వంతెన దాటగానే మహారాష్ట్రలోని సిరొంచలో ట్యాంకు నింపుకోవడం మా మంచిర్యాల, చెన్నూరు వాళ్ళకి అలవాటు. అవతలి డీజిల్ మనకంటే చవక. అట్లా మిగిలిన డబ్బంతా ఆ రాత్రి లాడ్జిలోనే పోయింది. వేడినీళ్ళు రావు, కిటికీకి జాలీ లేదు, గదికి 1,200. పొద్దున బస్టాండు దగ్గర పోహా తింటే అది మాత్రం వేడిగా, నిమ్మకాయ పిండి, కడుపు నిండా పెట్టారు. మనసు కాస్త కుదుటపడింది.

సిరొంచకు కొత్తగా వచ్చినవాళ్ళు బోర్డులు చూసి మరాఠీలో మాట్లాడబోతారు. అవసరం లేదు. బోర్డు మరాఠీ, బేరం తెలుగు. గడ్చిరోలి జిల్లా 1982లో చంద్రాపూర్ నుంచి విడిపోయి ఏర్పడింది. జిల్లా కేంద్రానికి పోవాలంటే ఇక్కడివాళ్ళు మొదట వంద కిలోమీటర్ల ఆలపల్లి దారి దాటాలి. ఆ దారి సంగతి తెలిసినవాళ్ళు ఆస్పత్రికైనా, చదువుకైనా, బట్టల కొనుగోలుకైనా వంతెన దాటి మన వైపే వస్తారు. పోహా బండి దగ్గర నిలబడ్డ కుర్రాడు, "ఎటు సారూ?" అన్నాడు. ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమ్‌నూర్ అన్నాను. "ఈ వానలకా?" అని నా బండి టైర్ల దిక్కు చూశాడు.

నాది 2017 మహీంద్రా థార్, పాత ఆకారం, సీఆర్‌డీఈ డీజిల్ ఇంజిన్. 2015 నుంచి ఈ ఆకారం బండికి వెనక యాక్సిల్ హౌసింగ్‌లో ఈటన్ తయారీ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వచ్చేది, అంటే ఒక చక్రం జారితే రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే లాకు. ఫోర్స్ గూర్ఖా జీపు కొన్నవాళ్ళకి లాకు వాళ్ళ చేతిలో ఉంటుంది, కావాలన్నప్పుడు వేస్తారు, వద్దన్నప్పుడు తీస్తారు. నా బండిలో అలాంటి స్విచ్ లేదు, లీవరు లేదు, పడిందని చెప్పే దీపం కూడా లేదు. పడాలా వద్దా అన్నది అదే తేల్చుకుంటుంది. ఇన్నాళ్ళుగా ఈ బండితో నా కాపురమంతా అది ఎప్పుడు తేల్చుకుంటుందో చెవితో, కాలితో పట్టుకోవడమే.

డిఫరెన్షియల్ అంటే మలుపులో రెండు చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు. మామూలుదాని బుద్ధి అందరికీ తెలిసిందే. ఒక వెనక చక్రం బురదలో ఉత్తగా తిరిగితే బలమంతా దానికే పోతుంది, గట్టి నేల మీద ఉన్న చక్రం కదలదు. నా బండిలో లోపల ఈ వేగాల తేడా పసిగట్టే చిన్న గవర్నర్ ఉంటుంది. ఎడమ, కుడి చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లకు చేరగానే దాని బరువులు విచ్చుకుని కొక్కెంలో చిక్కుకుంటాయి. దాంతో క్యామ్ తిరిగి క్లచ్ ప్లేట్లను అదిమేస్తుంది, రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి. నా టైరు చుట్టుకొలత 2.3 మీటర్లు. అంటే ఒక చక్రం నిలబడి ఉంటే రెండోది దాదాపు 14 కిలోమీటర్ల వేగంతో ఉత్తగా తిరగాలి, అప్పుడే లాకు. మామూలు మలుపులో లోపలి చక్రానికి, బయటి చక్రానికి తేడా ఇరవై చుట్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఊళ్ళో అది జోక్యం చేసుకోదు. బండి సుమారు 30 కిలోమీటర్ల వేగం దాటితే అసలు పడదు, హైవే మీద భయం లేదు.

చేసుకోదు అన్నాను గానీ, వానలో ఇసుక చల్లిన రోడ్డు మీద యూటర్న్ కొట్టి ఎక్సలేటర్ గట్టిగా ఇస్తే లోపలి చక్రం జారుతుంది, వెనకనుంచి ఠంగుమని మోత వస్తుంది, తోక ఒక్కసారి పక్కకి ఊగుతుంది. మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ, "ఏదో విరిగింది, దిగండి" అంది. మా ఊళ్ళో ఒక షెడ్డువాళ్ళు ఆ మోత విని క్రౌన్ గేరు పోయింది, హౌసింగ్ విప్పాలి అన్నారు. నేను విప్పనివ్వలేదు. ఆరోగ్యంగా ఉన్న గేర్లను విప్పి బిల్లు వేస్తామనడం నాకు ఇప్పటికీ మండే విషయం. ఈ లాకు ఉన్న బండిని తెలియనివాళ్ళ చేతికి ఇచ్చేముందు ఆ మోత ఏమిటో ఒక మాట చెప్పి ఇవ్వండి.

అంకీస దాకా రోడ్డు పరవాలేదు. అసరెల్లి వైపు రెండు పక్కలా పత్తి, మధ్యమధ్య మిర్చి మళ్ళు. గుంటూరు వైపునుంచి వచ్చి భూములు కౌలుకి పట్టిన రైతులు చాలామంది ఉన్నారిక్కడ. ఒక టీకొట్టులో గుంటూరు యాస, సిరొంచ యాస, మాడియా గోండుల మాట ఒకే బెంచీ మీద వినబడ్డాయి. టీ మాత్రం బాగా లేదు, చక్కెర పాకం.

ఊరు దాటాక తారు ఆగి బండ్లబాట మొదలైంది. నల్లరేగడి. ఎండినప్పుడు బండ, తడిస్తే జిగురు. టైరు గాళ్ళన్నీ మట్టితో నిండిపోయి నున్నటి గుండ్లయ్యాయి. అట్లా పోయి పోయి ఒక వాగు దగ్గర ఆగాను. నీళ్ళు మోకాటి లోతు, అడుగున ఇసుక, గులకరాళ్ళు, అది భయం లేదు. అసలు సమస్య అవతలి ఒడ్డు. ట్రాక్టర్లు ఎక్కీ ఎక్కీ రెండు లోతైన గాళ్ళు పడ్డాయి, పైగా దారి ఏటవాలుగా పక్కకి వొరిగి ఉంది.

దిగి చూస్తుంటే వెనకనుంచి ట్రాక్టరు వచ్చి ఆగింది. డ్రైవరు అరవై దాటిన మనిషి, తలకు తువ్వాలు, ట్రాలీలో మిర్చి నారు.

"ఏం తమ్మీ, దిగబడ్డదా?"

"ఇంక దిగలేదు కాకా, సూత్తన్న."

"ఫోర్‌వీలేనా? లాకు ఉన్నదా?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. పట్నంలో ఈ బండి చూసి సన్‌రూఫ్ ఉందా, మైలేజీ ఎంత అని అడుగుతారు. లాకు గురించి అడిగిన మొదటి మనిషి ఈయనే.

"ఎనుక ఉన్నది కాకా. దానంతట అదే పడ్తది."

"అదెట్ల?"

చెప్పాను. చెబుతుంటే ట్రాక్టరు దిగి వచ్చి బండి కింద వొంగి హౌసింగ్ చూశాడు. లేచి చేతులు దులుపుకుని, "అంటే సక్రం ఉత్తగ తిరిగినంకనే పడ్తదన్నట్టు. తిరిగేలోపు గుంత తవ్వదా?" అన్నాడు.

ఏళ్ళ తరబడి నడిపి నేను తెలుసుకున్నదాన్ని ఆయన అక్కడే నిలబడి చెప్పేశాడు. ట్రాక్టరుకి కుడి మడమ దగ్గర లాకు పెడల్ ఉంటుంది. కరిగెట్లో దిగబడబోతుందని తోచగానే డ్రైవరు మడమతో తొక్కుతాడు, రెండు పెద్ద చక్రాలూ ఒక్కటవుతాయి, గుంత పడకముందే బయటపడతాడు. తొక్కినప్పుడు స్టీరింగ్ తిప్పకూడదు, బయటపడ్డాక కాలు తియ్యాలి. మా మేనమామ నాట్ల కాలంలో కేజ్‌వీల్స్ వేసి దున్నుతుంటే గట్టు మీద కూర్చుని ఆ మడమనే చూసేవాణ్ణి. ముందే కనిపెట్టడం మనిషికి తెలుసు. నా బండిలో ఉన్న యంత్రానికి జారిన తర్వాతే తెలుస్తుంది. కంకర మీద, గట్టి కందకంలో ఒక చక్రం గాల్లో లేచినప్పుడు ఆ ఆలస్యం ఇబ్బంది కాదు, పట్టుకుంటే పట్టు దొరుకుతుంది. రేగడిలో ఆ ఒక్క క్షణం తిరగడానికి జానెడు లోతు పోతుంది.

"మరి ఎట్ల పోవాలె కాకా?" అన్నాను.

"నీ బండి తిరగాలంటది గద, తిరిగేదాన్ని నిలవడి తిప్పకు. పోతపోత తిప్పు." కట్టె తీసుకుని అవతలి ఒడ్డుకి నడిచాడు. ట్రాక్టరు గాళ్ళ మధ్య కాకుండా ఎడమ గాడి ఎడమ చక్రానికి, మధ్య దిబ్బ కుడి చక్రానికి వచ్చేలా గీత గీసి చూపించాడు.

లో రేంజ్‌లో, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే 4ఎల్‌లో, ఫస్ట్ గేర్ వేసి పాకించడం పుస్తకాల పద్ధతి. ఓపెన్, అంటే లాకు లేని డిఫరెన్షియల్‌కి అదే మేలు కూడా. కానీ ఈ లాకుకి ఆ నెమ్మది పనికిరాదు. ఐడ్లింగ్ మీద పాకితే జారిన చక్రం కూడా ఆ 100 చుట్ల తేడాకి చేరదు, లాకు పడదు, బండి అక్కడే ఊపిరాడక నిలబడుతుంది. అందుకే 4ఎల్‌లో సెకండ్ వేసి, చక్రాలు తిన్నగా పెట్టి, ఎక్సలేటర్ ఒకే తీరుగా అదిమి దిగాను. నీళ్ళు ఇట్టే దాటింది. ఒడ్డెక్కుతుంటే ఎడమ వెనక చక్రం గాల్లోకి తేలినట్టు తిరిగింది, ఇంజిన్ గొంతు పెరిగింది, కాలు తియ్యమని ఒళ్ళంతా చెబుతోంది. తియ్యలేదు. ఠక్‌మని కింద చప్పుడు, సీటు కిందనుంచి ఎవరో ఎత్తినట్టు బండి పైకి లేచింది. ఆ చప్పుడు నాకు ఇష్టం.

అంతలోనే తోక కుడికి, వాగు వైపుకి జారడం మొదలైంది. వొరుగు నేల మీద లాకు చేసే కీడు ఇదే. ఓపెన్‌గా ఉంటే ఒక చక్రం ఉత్తగా తిరిగినా రెండోది నిలబడి పక్కకి జారకుండా ఆపుతుంది. లాకు పడితే రెండూ కలిసి తిరుగుతాయి, పక్క పట్టు రెండింటికీ పోతుంది. ముందు యాక్సిల్ ఓపెన్ కాబట్టి ముక్కు పైకి లాగదు, తిన్నగా తోసుకుపోతుంది. ఒడ్డు మీదనుంచి కాక, "ఇడ్సిపెట్టు! ఇడ్సిపెట్టు!" అని అరిచాడు. కాలు వదిలాను. ఇంజిన్ బలం తిరగబడగానే లాకు విడిపోయింది, కుడి చక్రం దిబ్బ అంచుని పట్టుకుని ఆగింది. ఆగాక మెల్లగా మళ్ళీ ఇచ్చాను. ఈసారి జారకుండా ఎక్కింది.

ఆయన ట్రాక్టరు నారు ట్రాలీతో సహా నా వెనకే ఎక్కి వచ్చేసింది, మడమ ఒక్కసారి తొక్కాడంతే. నేను చూస్తూ నిలబడ్డాను.

సోమ్‌నూర్‌లో ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. ఇటు మహారాష్ట్ర, ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్, గోదావరి అవతల మన తెలంగాణ. నీళ్ళు రెండు రంగులుగా కొంతదూరం పక్కపక్కనే పోతాయి. చాలా బాగుంది. నేను మాత్రం ఒడ్డున కూర్చుని తిరుగుదారిలో ఆ ఒడ్డు దిగడం గురించే ఆలోచించాను.

తిరిగి వచ్చేసరికి కాక మడిలో నారు దించుతున్నాడు. "ఓసారి తోల్తవా కాకా?" అంటే మొహమాటపడకుండా ఎక్కాడు. వాగు దాకా, వాగులోంచి, ఇవతలి ఒడ్డు పైదాకా ఆయనే తోలాడు. బురద కనబడ్డ ప్రతిచోటా ఆయన కుడి మడమ పక్కకి జరిగి లేని పెడల్ కోసం వెతికింది. ఒడ్డు మీద ఠక్‌మన్నప్పుడు మాత్రం నా వైపు తిరిగి, "ఔను, పట్టింది" అన్నాడు. దిగాక, "మంచిదే గని, ఓ పెడలు పెడ్తే ఇంక మంచిగుండు" అని తేల్చాడు. నా తీర్పూ అదే. బండి తయారుచేసేవాళ్ళు ఈ మాట అసరెల్లి మిర్చి మడిలో నిలబడి వినాలి.

ఇంటికి వచ్చాక వెనక హౌసింగ్ ఆయిల్ దింపించాను. వాగు దాటిన బండికి ఇది తప్పనిసరి. వేడి మీదున్న హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగితే బ్రీదర్, అంటే హౌసింగ్‌కి గాలి ఆడే గొట్టం, సరిగా లేని బండి నీళ్ళు పీల్చుకుంటుంది, ఆయిల్ పాలు కలిసిన టీ రంగుకి మారుతుంది. ఇది ఓపెన్ డిఫ్ కాదు, లోపల క్లచ్ ప్లేట్లున్నాయి, వాటికి నీళ్ళు విషం. నా ఆయిల్ నల్లగానే ఉంది, నీళ్ళ జాడ లేదు, బ్రీదర్ గొట్టం పైకి కట్టించిన ఫలం. కొత్తది పోసేటప్పుడు కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. షెడ్డులో ఎవరో చెప్పారని అదనపు మందులు కలపనివ్వకండి.

సోమ్‌నూర్ పోవాలనుకునేవాళ్ళు దసరా, దీపావళి దాటాక పోతే రేగడి గట్టిపడుతుంది, లాకుతో పనే ఉండదు. వానల్లోనే చూడాలని ఉంటే అంకీసలో టీ తాగేటప్పుడే ట్రాక్టరు ఉన్నవాళ్ళెవరో కనుక్కుని ఫోన్ నంబరు రాసుకోండి, తాడు వెంట పెట్టుకోండి. ఆలపల్లి దారిన మాత్రం రాకండి, చెన్నూరు వైపునుంచే రండి.