ఐసీఎఫ్ బోగీ చక్రాలు: ఎనిమిదిలో ఆరు అయ్యాయి

పాత నీలం రంగు ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రైలు బోగీకి 1:87 స్కేల్‌లో, అంటే 87వ వంతు సైజులో, మోడల్ కడుతున్నాను. పైపెట్టె, ట్రాలీలు (చక్రాలు బిగించే కింది చట్రాలు) ఎప్పుడో అయిపోయాయి. మూడు వారాలుగా చక్రాల దగ్గరే ఉన్నాను. అసలు బోగీకి కొత్త చక్రం 915 మి.మీ. ఉంటుంది. 87తో భాగిస్తే పదిన్నర. నాకు దొరికిన రెడీమేడ్ చక్రాలు ఆ కొలతకు రాలేదు, అందుకే బాల్కనీలో ఉన్న మినీ లేత్ (లోహాన్ని గుండ్రంగా తిప్పుతూ కోసే యంత్రం) మీద తిప్పుతున్నాను. పట్టాల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మాత్రం 16.5 మి.మీ.నే. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. కాబట్టి లెక్కకు 19.3 రావాలి, కానీ అప్పుడు పట్టాలు, పాయింట్లు (దారి మార్చే పట్టాలు) కూడా నేనే చేసుకోవాలి. ప్రస్తుతానికి చక్రం కొలత కరెక్టుగా వస్తే చాలు.

మొదటి నాలుగూ పనికిరాలేదు. రాణిగంజ్‌లో కొన్న 14 మి.మీ. ఇత్తడి రాడ్‌కు ముందు బయటివైపు తిప్పి, బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్లను మళ్లీ త్రీ జా చక్‌లో (లేత్‌లో ముక్కను పట్టి తిప్పే మూడు దవడల పట్టు) బిగించి బెజ్జం వేశాను. వెర్నియర్ (సైజు కొలిచే సాధనం) పెడితే నాలుగూ 10.5 చూపించాయి. ఎంత సంతోషపడ్డానో. తీరా ఇరుసుకు ఎక్కించి డయల్ గేజ్ (తిరిగేటప్పుడు ఊగుడు చూపే ముల్లు మీటరు) ఆనిస్తే ముల్లు 0.12 మి.మీ. ఊగింది. పట్టాల మీద బోగీ ఎడ్లబండిలా ఎగిరెగిరి పడింది. వెర్నియర్ సైజు చెప్తుంది గానీ బెజ్జం నడిమధ్యన పడిందో లేదో చెప్పదు. త్రీ జా చక్‌లో జాబ్ (కోస్తున్న ముక్క) తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ సెంటర్ కాస్త జరుగుతుంది.

ఇప్పుడు రాడ్ ఒకసారి బిగించాక చక్రం తెగి చేతికొచ్చేదాకా చక్ కీ ముట్టుకోను. ఫేసింగ్ (ముఖం చదును చేయడం), సెంటర్ డ్రిల్, 1.9 డ్రిల్, 2 మి.మీ. రీమర్ (బెజ్జాన్ని కచ్చితమైన సైజుకు తెచ్చేది), అదే పట్టులో ట్రెడ్ (పట్టా మీద దొర్లే భాగం), ఫ్లాంజ్ (చక్రం పక్కకు జారకుండా ఆపే అంచు), ఆఖర్న పార్టింగ్ (రాడ్ నుంచి కోసి వేరుచేయడం). చక్ ఎంత ఊగినా బెజ్జం, ట్రెడ్ ఒకే సెంటర్ మీద వస్తాయి. ఒక్క ఈ మార్పుతోనే ఊగుడు 0.02 మి.మీ.కు దిగింది.

ఇత్తడికి డ్రిల్ అంచును ఆకురాయి మీద కాస్త చదును చేయాలి. లేకపోతే డ్రిల్ లోహంలోకి దూసుకుపోతుంది. నాకు ఒకటి అలాగే విరిగింది.

ఫ్లాంజ్‌కు ఆర్‌పీ-25 (మోడల్ రైలు చక్రాల ప్రమాణం) కొలతలు తీసుకున్నాను: చక్రం వెడల్పు 2.8 మి.మీ., ఫ్లాంజ్ ఎత్తు 0.64, ట్రెడ్ వాలు 3 డిగ్రీలు. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్‌ను ఫ్లాంజ్ వంపుకు అరగదీయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మొదట ట్రెడ్ కూడా ఆ టూల్‌తోనే కోయబోతే చాటర్ (టూల్ అదురు) వచ్చి చక్రం నిండా గీతలు పడ్డాయి. అందుకని టాప్ స్లైడ్‌ను (టూల్‌ను పట్టి జరిపే పైభాగం) 3 డిగ్రీలు తిప్పి ట్రెడ్‌ను మామూలు టూల్‌తో 1500 ఆర్‌పీఎం దగ్గర తీస్తున్నాను. అరగదీసిన ఆ ఫామ్ టూల్ ఫ్లాంజ్ వంపుకే. దానికి స్పీడ్ 300కు దించి, క్యారేజ్ (టూల్‌ను మోసే లేత్ భాగం) లాక్ చేస్తాను. గిబ్ స్క్రూలు (స్లైడ్‌ల వదులు తీసేవి) కొంచెం బిగించాక గీతలు పూర్తిగా పోయాయి.

వెనక ముఖం నున్నగా చేయడానికి చక్‌లో ఒక ఇత్తడి ముక్క పెట్టి, అక్కడికక్కడే దానికి 2 మి.మీ. పిన్ను తిప్పి, చక్రాన్ని సూపర్ గ్లూతో దాని మీద అతికిస్తున్నాను. పనయ్యాక వేడి చేస్తే ఊడొస్తుంది. పొగ కళ్లు మండిస్తుంది కాబట్టి కిటికీ తలుపులు తెరిచి పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. పట్టాల్లో కరెంటు ఉంటుంది, రెండు చక్రాలూ ఇరుసూ లోహమే అయితే షార్ట్ అవుతుంది. అందుకే ప్రతి ఇరుసుకూ ఒక చక్రంలో డెల్రిన్ (కరెంటు పారని గట్టి ప్లాస్టిక్) బుష్, అంటే బెజ్జంలో కూర్చునే గొట్టం, వేయాలి. మొదటి బుష్‌ను గ్లూతో అతికించాను, మర్నాటికే లూజైపోయింది. డెల్రిన్‌కు గ్లూ పట్టదు. ఇప్పుడు 4 మి.మీ. బెజ్జంలోకి 4.03 బుష్‌ను టెయిల్‌స్టాక్‌తో (చక్‌కు ఎదురుగా ఉండే లేత్ భాగం) నొక్కి, ఆ తర్వాతే, రాడ్ కదపకుండా, 2 మి.మీ. బెజ్జం వేస్తున్నాను.

మామూలువి నాలుగు, బుష్‌వి రెండు అయ్యాయి. మిగతా రెండింటికి బుష్‌లు తిప్పి డబ్బాలో పెట్టాను. శనివారం నొక్కుతాను.