పిల్లల పాఠం, పెద్దల వాదన

లింగ గుర్తింపు (తాను ఆడా, మగా, మరొకటా అని మనిషి తన గురించి లోలోపల అనుకునే తీరు) గురించి బడిలో చెప్పాలా వద్దా అన్న చర్చ నిన్నటి తల్లిదండ్రుల సమావేశంలో చాలాసేపు సాగింది. తన బిడ్డకు ఏ వయసులో ఏమి తెలియాలో తానే నిర్ణయించుకుంటానన్న ఒక తల్లి గొంతులోని భయాన్ని కొందరు వెక్కిరించిన తీరు నన్ను బాధించింది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2022లో మూడో తరగతి వరకు ఈ బోధనను నిషేధించగా, యునెస్కో 2018 నాటి మార్గదర్శకాలు వయసుకు తగినట్లు చెప్పమంటాయి. నేను రెండో వైపే ఉన్నాను, ఎందుకంటే నడకను చూసి తోటివాళ్లు రోజూ ఎగతాళి చేసే పిల్లవాడు (నా తరగతిలోనే ఒకడుండేవాడు, మధ్యలోనే చదువు మానేశాడు) పెద్దలకు ఏకాభిప్రాయం కుదిరేదాకా ఆగలేడు. అయితే శిక్షణ లేని ఉపాధ్యాయులకు ఈ పాఠం అప్పగించడం నాకు సమ్మతం కాదు. ఆ మాట నిన్న చెప్పలేకపోయాను. వచ్చే సమావేశంలో తప్పక చెబుతాను.