1,800 రూపాయల స్నూకర్ స్టిక్‌తో ఆరేళ్లు

నా స్టిక్ ఖరీదు 1,800 రూపాయలు. ఆరేళ్ల కిందట విజయవాడలో ఒక స్పోర్ట్స్ షాపులో కొన్నాను. రెండు ముక్కలది, మధ్యలో ఇత్తడి జాయింటు, పైనుంచి కిందదాకా అద్దంలా మెరిసే వార్నిష్. పుస్తకాల్లో దీన్ని క్యూ అంటారు గానీ పార్లర్‌లో మేమందరం స్టిక్ అనే అంటాం, ఇక్కడ కూడా అలాగే రాస్తాను. కొన్న రోజు సాయంత్రమే తీసుకెళ్లి ఆడితే పది నిమిషాల్లో మనసు పాడైపోయింది. చెమట పట్టిన చేతి మీద స్టిక్ జారడం లేదు, అంటుకుని ఆగి ఆగి కదులుతోంది. నాలుగు షాట్లకు ఒకటి మిస్‌క్యూ, అంటే కొస బాల్ మీద సరిగ్గా ఆనకుండా జారిపోవడం. బాల్‌కి తగిలినప్పుడు టక్‌మని రావాల్సిన శబ్దం ఖాళీ డబ్బాని కొట్టినట్టు వస్తోంది. డబ్బులు పోయాయి అనుకుని ఇంటికొచ్చేశాను.

ఆ పార్లర్‌లో చాలా ఏళ్లుగా మార్కర్‌గా (స్కోరు చూసే మనిషిగా) పనిచేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. మర్నాడు ఆయన నా స్టిక్ తీసుకుని, ఒక కన్ను మూసి పొడవునా చూసి, పిడిని నేలమీద మెల్లగా తట్టి చెవి పెట్టి విని, "కర్ర మంచిదే బాబూ, వంకర లేదు. పైన పూసింది బాగోలేదు, కొసన అతికించింది బాగోలేదు. ఆ రెండూ మార్చుకో, కర్రని మాత్రం ఎక్కువ కెలకొద్దు" అన్నారు. ఈ ఆరేళ్లలో నేను చేసిందీ నేర్చుకున్నదీ అంతా ఆ మూడు మాటల చుట్టూనే తిరిగింది, అందుకే వివరంగా రాద్దామనిపించింది.

ముందు ఒక విషయం. చవక స్టిక్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 వరకు ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆ ఏడు టైటిళ్లూ కుర్రతనంలో 40 పౌండ్లకు దొరికిన స్టిక్‌తోనే గెలిచాడు. 2003లో బ్యాంకాక్ నుంచి వస్తుంటే విమాన ప్రయాణంలో అది విరిగిపోయింది. నేను హెండ్రీతో పోల్చుకోవడం లేదు, కానీ మంచి కర్ర చవకగా దొరకడం అసాధ్యం కాదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది మెరుపు కాదు, సూటితనం. చాలామంది స్టిక్‌ని టేబుల్ మీద దొర్లించి చూస్తారు. దాన్ని అంతగా నమ్మొద్దు, ఎందుకంటే చేత్తో చెక్కిన కర్ర అన్నిచోట్లా కచ్చితమైన గుండ్రం ఉండదు, సూటిగా ఉన్నది కూడా దొర్లేటప్పుడు కాస్త ఎగిరినట్టు కనిపిస్తుంది. పిడి వైపునుంచి కంటికి ఆనించి, మెల్లగా తిప్పుతూ చూడండి, కొస ఒక పక్కకి పోతుంటే అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత తట్టి వినండి. జాయింటు దగ్గర గానీ కొసన గానీ జుయ్‌మని చప్పుడొస్తే లోపల ఏదో వదులుగా ఉందని అర్థం. బరువు విషయానికొస్తే 17 నుంచి 19 ఔన్సుల మధ్య ఎక్కువమందికి సరిపోతుంది. 18 ఔన్సులంటే దాదాపు 510 గ్రాములు. నాది మా వీధి కిరాణా కొట్టు తూకం మీద పెట్టి చూసుకున్నాను, 520 వచ్చింది. కొనేశాక వంకర బయటపడితే మాత్రం దానిమీద ఇంకో రూపాయి కూడా పెట్టకండి. వేడి చేసి, బరువులు వేలాడదీసి సరిచేస్తామనే వాళ్లుంటారు, కొన్నాళ్లకు మళ్లీ అదే వంపు తిరిగొస్తుంది.

ఇక వార్నిష్. చవక స్టిక్‌లకు షాపులో మెరవడం కోసం మందంగా లాకర్ (మెరిసే వార్నిష్ పూత) కొడతారు, మన వేడికీ చెమటకీ అది జిగురులా తయారవుతుంది. పిడి భాగాన్ని అలాగే వదిలేయండి, చాలా చవక వాటిలో పిడి మీద డిజైన్ పైపైనే ఉంటుంది, గీకితే పోతుంది. చెయ్యి మీద జారే పై భాగానికి మాత్రం లాకర్ తీసేయాలి. ఇత్తడి ఫెర్రూల్‌కీ (కొసన ఉండే లోహపు తొడుగుకి) జాయింటుకీ పేపర్ టేప్ చుట్టి, 400 నంబర్ శాండ్ పేపర్‌తో (వడ్రంగులు ఉప్పుకాగితం అంటారు) కర్ర పొడవు దిశలోనే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడి ఇక పోవు. లాకర్ తెల్లటి పొడిలా రాలుతుంది. పొడి రంగు మారి కర్ర రంగు వచ్చిందంటే అక్కడ ఆపేయాలి. నేను మొదటిసారి ఆపలేదు. ఇంకాస్త నున్నగా రావాలని ఒకేచోట రుద్ది రుద్ది ఫెర్రూల్ కింద రెండు అంగుళాల మేర కర్రని సన్నం చేసేశాను, ఇప్పటికీ అక్కడ వేలు పెడితే చిన్న మెట్టు తగులుతుంది. పోయిన కర్ర తిరిగి రాదు, దయచేసి ఈ ఒక్కచోట ఓపిక పట్టండి.

తర్వాత తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిచి ఆరనిస్తే కర్ర నార పైకి లేస్తుంది, గరుకుగా తగులుతుంది. దాన్ని 600, ఆపైన 1000 నంబర్‌తో తేలిగ్గా రుద్దేస్తే మళ్లీ అంత త్వరగా లేవదు. నా స్టిక్‌కి ఈ పని అయ్యాక లోపలనుంచి నిజమైన యాష్ కర్ర బయటపడింది, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొడుగాటి బాణం గుర్తులతో. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను. మేపుల్ అయితే ఈ బాణాలు ఇంత స్పష్టంగా కనిపించవు, నున్నగా ఉంటుంది. మరీ చవక వాటిలో రామిన్ అనే కర్ర వాడతారు, అది పాలిపోయినట్టు ఉండి గీతల్లేకుండా కనిపిస్తుంది, కానీ సూటిగా ఉంటే దాంతోనూ చక్కగా ఆడుకోవచ్చు.

లాకర్ తీశాక కర్రని ఉత్తగా వదలకూడదు, గాలిలో తేమని పీల్చేస్తుంది. దానికి పెట్టాల్సింది అవిసె నూనె. పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. తినే అవిసె నూనె కూడా ఆరుతుంది గానీ చాలా రోజులు పడుతుంది. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె వద్దే వద్దు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాసిన మిత్రుడి స్టిక్‌ని నేను పట్టుకుని చూశాను. ఆ నూనె గాలికి గట్టిపడే రకం కాదు, ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉండి దుమ్ముని పట్టేస్తుంది, వాసన వస్తుంది. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కర్ర రంధ్రాల్లోనే గట్టిపడుతుంది, తేడా అదే. గుడ్డ మీద నాలుగైదు చుక్కలు వేసి పలచగా రుద్దండి, పావుగంట ఆగి పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి, ఒక రోజు ఆరనివ్వండి. ఇలా మూడు నాలుగు సార్లు. ఒకేసారి ఎక్కువ రాస్తే పైన జిగటగా పేరుకుని మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, తేలిగ్గా తీసుకోకండి. ఆ నూనె గుడ్డని ఉండ చుట్టి మూలన పడేస్తే, నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకోవచ్చు. గుడ్డని విప్పి తీగ మీద ఒంటి పొరగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

ఇప్పుడు టిప్, అంటే బాల్‌కి తగిలేలా కొసన అతికించే తోలు ముక్క. నన్నడిగితే మొత్తం స్టిక్‌లో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. చవక స్టిక్‌తో వచ్చే టిప్ అట్టముక్కలా ఉంటుంది, చాక్‌ని (జారకుండా టిప్‌కి రాసే సుద్దని) పట్టి ఉంచదు, అందుకే మిస్‌క్యూలు. ఎల్క్ మాస్టర్ గానీ బ్లూ డైమండ్ గానీ తీసుకోండి, పొరలు అతికించి చేసే ఖరీదైన లేయర్ టిప్‌లు తర్వాత చూసుకోవచ్చు. ఎల్క్ మాస్టర్ మెత్తన, స్పిన్ బాగా తీసుకుంటుంది, కానీ త్వరగా అణిగిపోయి అంచులు బయటికి ఉబ్బుతాయి. బ్లూ డైమండ్ కాస్త గట్టిది, ఎక్కువ రోజులు ఆకారం నిలుపుకుంటుంది. ఒకే పెట్టెలో టిప్‌లు కూడా అన్నీ ఒకేలా ఉండవు, గట్టి నేల మీద ఒక్కొక్కటీ పడేసి వింటే గట్టివీ మెత్తవీ శబ్దంలో తెలిసిపోతాయి. నేను మధ్యరకం ఏరుకుంటాను.

స్నూకర్ స్టిక్ కొస 9.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. బాల్ 52.5 మిల్లీమీటర్లు, పూల్ బాల్ కంటే చిన్నది, అందుకే కొస కూడా సన్నం. దానికి 10 మిల్లీమీటర్ల టిప్ తీసుకుని తర్వాత చెక్కుకోవాలి. పాత టిప్‌ని బ్లేడుతో తీసేసి, మిగిలిన గమ్‌ని బ్లేడు పడుకోబెట్టి మెల్లగా గీకండి. ఫెర్రూల్ పైభాగం ఎంత చదునుగా, ఎంత శుభ్రంగా ఉంటే టిప్ అంత కాలం నిలుస్తుంది, ఊడిపోయే టిప్‌లన్నీ ఇక్కడ తొందరపడినవే. టిప్ అడుగుని అద్దం ముక్క మీద పరిచిన శాండ్ పేపర్‌పై నాలుగుసార్లు రుద్ది గరుకు చేయండి. గమ్ జెల్ రకం సూపర్ గ్లూ అయితే మేలు. నీళ్లలా ఉండే ఫెవిక్విక్ కూడా పనిచేస్తుంది, కానీ ఎక్కువ వేస్తే టిప్ లోపలికి పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది, ఒక్క చిన్న చుక్క చాలు. అతికించాక నిమిషం పాటు నొక్కి పట్టుకుని, రాత్రంతా వదిలేయండి. అదే రోజు ఆడాలనే ఆత్రంలో నేను రెండు టిప్‌లు పోగొట్టుకున్నాను.

ఉదయం స్టిక్‌ని తలకిందులుగా పట్టుకుని, టిప్‌ని చెక్క పలక మీద ఆనించి, పదునైన కొత్త బ్లేడుతో బయటికొచ్చిన అంచుని కిందికి కోస్తూ రావాలి. ఫెర్రూల్‌కి టేప్ చుట్టి మిగిలిన కొంచెం శాండ్ పేపర్‌తో సమం చేయాలి. అంచుకి కొద్దిగా ఉమ్మి గానీ నీళ్లు గానీ తాకించి, గట్టి కాగితంతో వేడెక్కేదాకా రుద్దితే అంచు నల్లగా మెరిసి గట్టిపడుతుంది, తర్వాత ఉబ్బదు. పైభాగం గుండ్రంగా రావాలి. ఎంత అంటే, పక్కనుంచి రూపాయి నాణెం ఆనించి చూస్తే ఆ వంపు ఈ వంపుకి సరిపోవాలి. అంతకంటే చదునుగా ఉంటే సైడ్ వేసినప్పుడు (వైట్ బాల్‌ని మధ్యలో కాకుండా పక్కన కొట్టినప్పుడు) అంచు తగిలి మిస్‌క్యూ అవుతుంది.

కొత్త టిప్‌తో మొదటి రెండు మూడు రోజులు బాల్ వింతగా వెళ్తుంది, కంగారు పడొద్దు. కాస్త అణిగాక మళ్లీ ఓసారి గుండ్రం చేసుకుంటే అప్పుడు అసలు రుచి తెలుస్తుంది. నా స్టిక్ ఆ మూడో రోజు టక్‌మంది. వైట్ బాల్ కిందివైపు కొడితే, రెడ్‌ని కొట్టి అది నావైపు ఒక అడుగు వెనక్కి వచ్చింది, అంతకుముందు ఆ స్టిక్‌తో ఎప్పుడూ రాలేదు. పెద్దాయన కౌంటర్ దగ్గరనుంచే విని తల ఊపారు.

రోజువారీ జాగ్రత్తల్లో మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సింది పౌడర్ గురించి. ప్రతి పార్లర్‌లోనూ టాల్కం పౌడర్ డబ్బా ఉంటుంది, అందరూ చేతికి పూసుకుంటారు. అది చెమటతో కలిసి ముద్దై యాష్ కర్ర రంధ్రాల్లో దిగబడి గట్టిపడుతుంది, అప్పుడు ఇంకా అంటుకుంటుంది, ఇంకా పౌడర్ కావాలనిపిస్తుంది. మానేయండి. జేబులో పొడి మైక్రోఫైబర్ గుడ్డ పెట్టుకుని ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య చెయ్యీ స్టిక్కూ తుడుచుకుంటే చాలు. వారానికోసారి తడిపి పిండిన గుడ్డతో మురికి తీసి, వెంటనే పొడి గుడ్డతో తుడిచి, వేడి తెలిసేలా గట్టిగా రుద్దుతాను. నూనె మాత్రం ఆరు నెలలకోసారి. చాక్‌ని టిప్ మీద గిర్రున తిప్పొద్దు, బ్రష్‌తో రంగు వేసినట్టు అంచులకి తాకిస్తూ పోవాలి.

టేబుల్ అంచుకి కొట్టుకుని సొట్ట పడితే గీకకండి. తడి గుడ్డ ముక్క సొట్ట మీద వేసి ఇస్త్రీ పెట్టె కొసని రెండు సెకన్లు తాకిస్తే, ఆవిరికి అణిగిన నార ఉబ్బి పైకి వస్తుంది. తెగిన నార అయితే రాదు, అణిగింది మాత్రమే వస్తుంది. ఆరాక ఆ చోట ఒక చుక్క నూనె.

అన్నిటికంటే ఎక్కువగా స్టిక్‌లని పాడుచేసేది నిలబెట్టే తీరు. గోడకి ఏటవాలుగా ఆనిస్తే నెలల తరబడి సొంత బరువుకే వంగుతుంది. నేను కవర్లో పెట్టి బీరువా మీద చదునుగా పడుకోబెడతాను. ఎండాకాలం పార్క్ చేసిన కారులో వదలడం ఇంకా ఘోరం, మే నెలలో బెజవాడలో మూసిన కారు లోపల గమ్ మెత్తబడుతుంది, కర్ర ఎండి ముడుచుకుంటుంది. మా ఫ్రెండ్ స్టిక్‌కి ఒక్క మధ్యాహ్నంలో ఫెర్రూల్ వదులైపోయింది. అలా అయితే ఫెర్రూల్ బయటికి లాగి, పాత గమ్ గీకేసి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీతో అతికించి ఒక రోజు ముట్టకుండా వదిలేయాలి, అప్పుడు ఆ డబ్బా శబ్దం పోతుంది. వానాకాలంలో జాయింటు బిగుసుకున్నట్టు అనిపిస్తే బలవంతంగా తిప్పకుండా, మరల్లోని దుమ్ము పాత టూత్ బ్రష్‌తో తీసి కొవ్వొత్తి మైనం కొంచెం తాకిస్తే సరిపోతుంది.

ఇప్పటిదాకా దీనిమీద పెట్టిన ఖర్చు నూనె, శాండ్ పేపర్లు, తొమ్మిదో పదో టిప్‌లు, అంతా కలిపినా స్టిక్ ఖరీదు దాటలేదు. మధ్యలో ఒకసారి ఇరవై వేల రూపాయల స్టిక్ పట్టుకుని ఒక సాయంత్రమంతా ఆడాను, చాలా బాగుంది, కానీ నా చెయ్యి నా స్టిక్ బరువుకి, దాని కొస వంగే తీరుకి అలవాటు పడిపోయింది, సైడ్ వేస్తే బాల్ ఎంత పక్కకి పోతుందో దీంతో అయితే ఆలోచించకుండానే తెలుస్తుంది. వానలు మొదలవుతున్నాయి, ఈ ఆదివారం నూనె పెట్టాలి. టిప్ కూడా ఫెర్రూల్ మీద రెండు మిల్లీమీటర్లే మిగిలింది, పెట్టెలో మధ్యరకం టిప్ ఒకటి ఏరి పక్కన పెట్టాను.