మా అమ్మాయి క్లిప్పులు, నా క్లిప్పులు

నా రిటైనర్, అంటే పళ్ళ క్లిప్పులు తీశాక పళ్ళు వెనక్కి జరగకుండా పెట్టుకునేది, ఎలా పోయిందో నాకిప్పటికీ గుర్తే. అప్పుడు నాకు 17 ఏళ్ళు. భోజనానికి కూర్చుంటూ నోట్లోంచి తీసి, టిష్యూ కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టాను. లేచేటప్పుడు ఆ కాగితం కూడా చెత్తబుట్టలోకి పోయింది. ఇంట్లో చెప్పలేదు. రెండేళ్ళు క్లిప్పులు మోశాను, పళ్ళు వరసలోకి వచ్చాయి, ఇంకా దానితో పనేముంది అనుకున్నాను.

పనేముందో 23 ఏళ్ళ తర్వాత తెలిసింది. అదీ మా అమ్మాయిని చూపించడానికి వెళ్ళినప్పుడు. దాని నోరు చూసి, ఎక్స్‌రేలు రాసిచ్చి, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ డాక్టరమ్మ ఆగింది. "మీకు చిన్నప్పుడు క్లిప్పులు వేశారు కదండీ?" అంది. ఎలా తెలిసిందని అడిగాను. "పైవరస అచ్చుపోసినట్టుంది. కిందేమో ముందుపళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. రిటైనర్ మానేసి ఎన్నాళ్ళయింది?" తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

అలా ఒకే ఇంట్లో ఇద్దరం క్లిప్పులు వేయించుకున్నాం. దానికి 12 ఏళ్ళు, నాకు 40. అమ్మగా, పేషెంటుగా రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదట వెళ్ళింది ఆవిడ దగ్గరికి కాదు. అంతకుముందు ఒకచోట అమ్మాయిని కూర్చోబెట్టి, అద్దం పెట్టి ఒక్క నిమిషం చూసి, "6 నెలల్లో సెట్ చేసేస్తాం, పళ్ళు పీకక్కర్లేదు, ఇవాళే మొదలుపెడదాం" అన్నారు. ఎక్స్‌రే లేదు, ఫొటో లేదు, అచ్చు లేదు. చిన్నప్పటి అనుభవం వల్ల నాకు అనుమానం వచ్చి లేచి వచ్చేశాను. చిగురు కింద ఏముందో చూడకుండా పన్ను ఎక్కడికి జరపాలో ఎవరికీ తెలియదు. రెండోచోట దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే ఒకటి, ముఖం పక్కనుంచి ఒకటి తీశారు. పళ్ళ కొలతలకు స్కాన్ చేశారు. రెండు దవడ పళ్ళలో పుచ్చు కనబడితే ముందు అవి పూడ్పించుకు రమ్మన్నారు. పుచ్చు, చిగుళ్ళ వాపు ఉండగా క్లిప్పులు పెట్టకూడదు. ఇంకో మాట. పళ్ళ డాక్టర్లందరూ ఆర్థోడాంటిస్టులు కారు. పళ్ళు జరిపే పనిలోనే పైచదువు చదివినవాళ్ళా అని మొహమాటపడకుండా అడగండి. ఊడిపోయిన బ్రాకెట్ (తీగని పట్టి ఉంచడానికి పన్నుకి అతికించే చిన్న బిళ్ళ) మళ్ళీ అతికిస్తే విడిగా కట్టాలా, చివర్లో ఇచ్చే రిటైనర్ ఈ డబ్బులోనే వస్తుందా, అది కూడా మొదటిరోజే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు, తర్వాత గొణుక్కున్నాం.

వయసు సంగతి. "పెద్దయ్యాక అవే సర్దుకుంటాయి" అని మా అత్తగారు అంటుంటే నాకూ అదే సుఖంగా అనిపించి ఊరుకున్నాను. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం పిల్లల్ని 7 ఏళ్ళలోపే ఒకసారి చూపించమంటుంది. అంటే 7 ఏళ్ళకే క్లిప్పులు వేయమని కాదు. ఆ వయసుకి మొదటి దవడ పళ్ళు, ముందుపళ్ళు కొన్ని వచ్చేసి ఉంటాయి కనుక, దవడ ఇరుకుగా ఉందా, కింది పళ్ళు పైపళ్ళ బయటికి పడుతున్నాయా అన్నది కనబడుతుంది. పై దవడ వెడల్పు చేయాల్సివస్తే అంగిలి మధ్య అతుకు గట్టిపడకముందే తేలిక. చాలామంది పిల్లలకు మాత్రం "ఇప్పుడేం వద్దు, తర్వాత చూద్దాం" అంటారట. ఆ మాట డాక్టరు అనడం వేరు, మనకి మనమే అనుకోవడం వేరు.

ఇక పళ్ళు పీకించడం. మా ఆయన దగ్గర పెద్ద రభస అయింది. "బంగారంలాంటి పళ్ళు, పుచ్చైనా లేదు, నాలుగు పీకేస్తారా?" డాక్టరమ్మ వాదించలేదు. స్కాన్‌లో ఒక్కో పన్ను వెడల్పు కొలిచి కూడింది, దవడ వంపు మీద ఉన్న చోటు కొలిచింది. పైన 8 మిల్లీమీటర్లు తక్కువొచ్చింది. కోరపన్ను దిగడానికి దారిలేక చిగురులో పైనే మొలిచింది అందుకే. చోటు కొంచెమే తక్కువైతే పళ్ళ పక్కల ఎనామిల్‌ని, అంటే పన్ను గట్టి పైపొరని, సన్నగా అరగదీస్తారు, వంపును కాస్త వెడల్పు చేస్తారు. 8 మిల్లీమీటర్లు అలా రావు. కోరపన్ను వెనకుండే చిన్న దవడ పన్ను ఒక్కోటీ సుమారు 7 మిల్లీమీటర్లుంటుంది. పైన రెండు, కింద రెండు తీస్తే వరస కుదురుతుందంది. అందరికీ పీకాలని లేదు, ఎవరికీ పీకొద్దనీ లేదు. లెక్క చూపించమని అడగండి, అంతే. నాకు కింద 3 మిల్లీమీటర్లే కాబట్టి అరగదీతతో పోయింది.

క్లిప్పులకు వారం ముందు దవడ పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు ఇరికించారు. వెనక పళ్ళకు బ్యాండు, అంటే లోహపు పట్టీ, తొడగడానికి సందు కావాలట. దీని గురించి నాకెవరూ చెప్పలేదు. పళ్ళలో ఏదో ఇరుక్కుని రావట్లేదన్న బాధ రాత్రింబవళ్ళూ ఉంటుంది. మా అమ్మాయి పుల్ల పెట్టి తీసేయబోయింది. తీయకూడదు. దానంతటదే ఊడితే ఫోన్ చేసి చెప్పాలి.

క్లిప్పులు పెట్టిన రోజు నొప్పే లేదు. పెదాలు తెరిచి ఉంచే ప్లాస్టిక్ చట్రం పెట్టారు. పళ్ళు ఆరబెట్టి నీలంరంగు జెల్ పూశారు. అర నిమిషంలో కడిగేసి గాలి కొడితే పన్ను సుద్దముక్కలా తెల్లబడింది. కాస్త పులుపు తగిలింది. ఆ గరుకు మీద జిగురు రాసిన బ్రాకెట్ పెట్టి, చిమటాతో అటూ ఇటూ జరిపి, నీలం కాంతి చూపిస్తే గట్టిపడిపోయింది. ఒక్కో పన్నుకీ అదే తంతు. గంటన్నరకి లేచింది. తీగ బిగించి, రంగురంగుల రబ్బర్లలో ఊదారంగు ఎంచుకుని, ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి "ఇంతేనా?" అంది.

ఇంతే కాదు. నాలుగు గంటలు గడిచాక మొదలైంది. మర్నాడు పూర్తిగా పట్టుకుంది. అన్నం మెతుకు నమిలినా పళ్ళు జివ్వుమన్నాయి. డాక్టరమ్మ చెప్పిన నొప్పి మాత్ర, మెత్తటి తిండి, చల్లటి నీళ్ళు, వీటితో మూడోరోజుకి తగ్గుముఖం పట్టి, ఐదో రోజుకి మామూలైంది. తీగ మార్చిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు ఇలాగే ఉంటుంది, కానీ మొదటిసారంత ఉండదు. బుగ్గ లోపల, పెదవి మీద పుళ్ళు పడతాయి. దానికి మైనం ఇస్తారు. చిన్న ఉండ చేసి బ్రాకెట్ మీద అదమాలి. ముందు బ్రాకెట్‌ని దూదితో తుడిచి ఆరబెట్టాలి, తడిమీద మైనం నిలవదు. ఇది తెలియక మూడు రోజులు మైనం మింగుతూ కూర్చుంది పిల్ల.

రెండో వారంలో రాత్రి 11 గంటలకు "అమ్మా, నా పన్ను కదులుతోంది!" అని కేక. కదలాలి. కదలకపోతే జరిగేదెలా? దాని ప్రశ్న మాత్రం మంచిదే, పన్ను ఎముకలో పాతుకుని ఉంటుంది కదా, ఎముకని చీల్చుకు వెళ్తుందా అని. తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మనే అడిగింది. పన్నుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుందట. తీగ నెట్టినవైపు ఆ పొర నొక్కుకుంటే అక్కడి ఎముకని శరీరమే కొద్దికొద్దిగా కరిగించేస్తుంది, వెనకవైపు కొత్త ఎముక కట్టుకుంటూ వస్తుంది. ఆ వేగం నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు. గట్టిగా లాగితే తొందరగా రాదు, పన్ను వేరు అరిగే ప్రమాదం పెరుగుతుంది. పీకిన సందులు పూడటానికి నెలలు పట్టేది అందుకే. మొదటి తీగ నికెల్, టైటానియం కలిపిన మిశ్రలోహం. ఎలా వంచినా తన ఆకారానికి తానే తిరిగొస్తుంది, ఆ రావడంలో పన్నుని తెచ్చుకుంటుంది. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన లోహమని చెబితే మా అమ్మాయి బడిలో పదిమందికి చెప్పుకుంది. నికెల్ పడనివాళ్ళు, చవక చెవిదుద్దులకు దురద వచ్చేవాళ్ళు, ముందే చెప్పాలని డాక్టరమ్మ అంది.

నేను అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది బ్రష్ చేయడం. నా పైపళ్ళలో రెండింటి మీద తెల్లటి మచ్చలున్నాయి. మచ్చ మధ్యలో నాలుగు పలకలుగా మామూలు రంగు. అది బ్రాకెట్ ఉన్న చోటు. దాని చుట్టూ పాచి పేరుకుని ఎనామిల్లోని ఖనిజం కరిగిపోయిన గుర్తు. ఇలాంటి మచ్చ రావడానికి నెల రోజుల అశ్రద్ధ చాలు. పోగొట్టడం మాత్రం కష్టం. అమ్మాయికి నా పళ్ళే చూపించాను, ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ఫ్లోరైడ్ పేస్టుతో బ్రాకెట్ పైనుంచి కిందికి వాలుగా ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి, తర్వాత సీసాలు కడిగే బ్రష్‌లాంటి బుల్లి బ్రష్‌ని తీగ కిందికి దూర్చి. మొదట్లో 8 నిమిషాలు పట్టేది. చిగుళ్ళలోంచి రక్తం వస్తే భయపడి అక్కడ బ్రష్ చేయడం మానేస్తాం. రక్తం వచ్చేచోటే పాచి ఉంది, అక్కడే ఇంకాస్త నిదానంగా తోమాలి.

తిండి గురించి అందరూ చెప్తారు, గట్టివి, జిగురువి వద్దని. మా ఇంట్లో బ్రాకెట్లు ఊడింది మాత్రం తిండి వల్ల కాదు. పిల్లది పెన్ను మూత కొరికి ఊడగొట్టుకుంది, రెండుసార్లు. నేను ఐసుముక్క నమిలి. ఊడిన బ్రాకెట్ తీగకి వేలాడుతుంటే లాగకుండా, మైనం అద్ది, ఫోన్ చేయాలి. వెనక తీగ చివర బుగ్గలో గుచ్చుకుంటే పెన్సిలు వెనక ఉండే రబ్బరుని శుభ్రంగా కడిగి దానితో మెల్లగా లోపలికి వంచొచ్చు. బ్రాకెట్ ఊడిన పన్ను మీద ఆ కొన్ని వారాలూ పని ఆగిపోతుంది, అదీ అసలు నష్టం.

ఏడాది దాటాక పైనుంచి కిందికి తగిలించే చిన్న రబ్బర్లు ఇచ్చారు. తిండికీ బ్రష్‌కీ తప్ప రోజంతా ఉంచాలి, రోజూ కొత్తవి మార్చాలి. ఆరువారాలకు వెళ్తే డాక్టరమ్మ నోరు చూసి, "ఎన్ని గంటలు పెడుతున్నావమ్మా?" అంది. "రోజంతా" అంది ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మా పిల్ల, చాలా చిన్న గొంతుతో. ఆవిడ నా వైపు చూసింది. ఇంట్లో చూస్తే పొట్లం సగం కూడా ఖాళీ కాలేదు. తర్వాత వారం ఆ కొరత తీర్చాలని ఒకేసారి రెండేసి పెట్టుకుంది, పళ్ళు సలిపి ఏడ్చింది. మర్చిపోతే మళ్ళీ ఒక్కటే పెట్టుకోవాలి, అప్పు తీర్చినట్టు కాదు. చివరికి 20 నెలలన్నది 26 అయింది. ఎక్కువైన ఆ ఆరు నెలల్లో కొంత రబ్బర్లది, కొంత పెన్ను మూతది, కొంత పరీక్షలని వాయిదా వేసిన అపాయింట్‌మెంట్లది. ఆ వాయిదాలు వేసింది నేనే.

నాది 9 నెలల్లో అయిపోయింది. తీసి పెట్టుకునే పారదర్శకపు తొడుగులు వేసుకోమని కూడా అన్నారు. రోజుకి 20 నుంచి 22 గంటలు ఉంచాలన్నారు. రిటైనర్‌ని టిష్యూలో చుట్టిన మనిషిని నేను. నాకు తీయడానికి రానివే మంచివన్నాను. ఆఫీసులో సిగ్గు ఒక వారం.

తీసేటప్పుడు కటకటమని శబ్దం, పన్ను విరిగిందేమోనన్నంత. విరగలేదు. జిగురు గీకేశాక నాలుక పళ్ళమీద జారిపోయింది. పిల్ల రోజంతా నాలుకతో తడుముకుంటూనే ఉంది.

ఆ రోజే రిటైనర్. చిగుళ్ళలోని నారలు సాగి ఉంటాయి, కొత్త చోటుకి అలవాటు పడటానికి ఏడాది దాకా పడుతుంది, అప్పటిదాకా పన్నుని వెనక్కి లాగుతూనే ఉంటాయట. ఆ తర్వాత కూడా కింది ముందుపళ్ళు వయసుతో ఇరుకవుతూనే ఉంటాయి, క్లిప్పుల ముఖం చూడనివాళ్ళకి కూడా. అందుకని నాకు కిందిపళ్ళ వెనక సన్నతీగ శాశ్వతంగా అతికించేశారు. అమ్మాయికి పారదర్శకపుది ఇచ్చారు. మొదటి నెలల్లో రోజంతా, తర్వాత రాత్రిళ్ళు. వేడినీళ్ళలో కడిగితే వంకర తిరుగుతుంది, చల్లనీళ్ళే వాడాలి. నోట్లో లేనప్పుడు డబ్బాలోనే ఉండాలి. డబ్బా రంగు నేనే ఎంచాను, దూరం నుంచి కనబడే నారింజ.

మొన్న చుట్టాలింటికి వెళ్ళి నాలుగు రాత్రులు పెట్టుకోలేదు. ఇంటికొచ్చి పెట్టుకుంటే "బిగుసుకుపోతోందమ్మా" అంది. గుండె జారింది. ఫోన్ చేశాను. పూర్తిగా కూర్చుంటోందా, మధ్యలో సందు కనబడుతోందా అని అడిగారు. అద్దం ముందు టార్చి వేసి చూశాం, సందు లేదు. అయితే కొన్నాళ్ళు రోజంతా పెట్టుకోమనండి, వదులయ్యాక మళ్ళీ రాత్రికి మార్చుకోవచ్చు, కూర్చోకపోతే మాత్రం బలవంతం చేయకుండా వెంటనే తీసుకురండి అన్నారు. ఐదో రోజుకి వదులైంది.