కచ్ఛ్‌లో గుగ్గులు పొదల మధ్య

గుజరాత్‌లోని భుజ్ నుంచి నఖత్రాణా మీదుగా లఖ్‌పత్ వైపు సాగే దారిలో, సర్కారు తుమ్మలు ఆక్రమించిన రాతినేలల మీద, మనిషి ఎత్తు కూడా లేని ముళ్లపొదలు అక్కడక్కడా కనిపించాయి. చలికాలం కావడంతో ఆకులు రాలిపోయి ఎండుపుల్లల్లా ఉన్న ఆ పొదలే ధూపానికీ మందుకీ వాడే మహిసాక్షి గుగ్గులును ఇస్తాయని వెంట వచ్చిన గొర్రెల కాపరి చెబితే గాని తెలియలేదు. ఆయన ఒక పొద ముందు గొంతుక్కూర్చుని, కాగితంలా ఊడివస్తున్న బెరడు పొరను వేలితో తొలగించారు. లోపల పచ్చని కాండం, దాని మీద పాత గాటు, ఆ గాటు అంచున గోధుమరంగు బంక ముద్ద ఉన్నాయి. నలిపి చూస్తే వేళ్లకు అంటుకుంది. ఆ ఘాటైన పరిమళం సాయంత్రం దాకా వదలలేదు.

ఈ బంకను ఆయుర్వేదంలో నేరుగా వాడరు. త్రిఫల కషాయం వంటి వాటిలో ఉడికించి, వడగట్టి, శుద్ధి చేశాకే మందుల్లో కలుపుతారు. కీళ్లనొప్పులకు యోగరాజ గుగ్గులు, వాతరక్తానికి (గౌట్ వంటి కీళ్లవ్యాధికి) కైశోర గుగ్గులు ఇప్పటికీ వైద్యులు ఇస్తూనే ఉన్నారు. స్థూలకాయానికి గుగ్గులు వాడాలని సుశ్రుత సంహిత చెప్పిన మాటను ఆధారం చేసుకుని, పరిశోధకురాలు జి.వి. సత్యవతి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్లపై పరిశోధించి, రక్తంలోని కొవ్వు మీద దీని ప్రభావాన్ని 1966లో తన సిద్ధాంత వ్యాసంలో వివరించారు. ఒక ప్రాచీన శ్లోకాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లి పరీక్షించిన ఆ శ్రద్ధ పట్ల నాకు ఎంతో గౌరవం. అదే శ్రద్ధతో తర్వాతి ఫలితాలనూ చూడాలి: 2003లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, గుగ్గులు సారం ఎనిమిది వారాలు వాడినవారిలో చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కొద్దిగా పెరిగింది, కొందరికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి. అందువల్ల కొలెస్ట్రాల్‌కు డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానేసి దీనిని నమ్ముకోవడం సరికాదని నా అభిప్రాయం. గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. థైరాయిడ్‌కు గానీ రక్తం పలచబడడానికి గానీ మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు.

నన్ను ఎక్కువగా కలచివేసింది మాత్రం పొదల పరిస్థితి. బంక ఎక్కువగా కారాలన్న ఆశతో కాండమంతా లోతుగా గాట్లు పెట్టి, వాటికి రసాయనాలు పూస్తే, ఆ ఏడాది రాబడి పెరుగుతుంది గానీ పొద ఎండిపోతుంది. కాపరి చూపిన వాటిలో అలా మోడువారినవి కూడా ఉన్నాయి. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం ఈ మొక్కను అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. కొమ్మ నాటితే వేళ్లూనుకునే మొక్కే అయినా, గాటు పెట్టదగినంతగా ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ముదురు కొమ్మలకే, పైపైన మాత్రమే గాటు పెట్టి, కోలుకునే వ్యవధి ఇస్తే అదే పొద మళ్లీ బంకనిస్తుందని కాపరి ఒక్కో కొమ్మనూ చూపిస్తూ ఓపికగా వివరించారు.