8.1 కిలోల ఫ్రేము

సుజుకి వాళ్ల 750 సీసీ బైకు జీఎస్ఎక్స్-ఆర్750 మాట వస్తే అందరూ నూరు హార్స్‌పవర్ దగ్గర మొదలుపెడతారు. నాకు ముందు గుర్తొచ్చేది 8.1 కిలోలు. 1985లో అమ్మకానికి వచ్చిన ఆ బైకు అల్యూమినియం ఫ్రేము బరువు అది. అదే కంపెనీ అంతకుముందు తయారుచేసిన 750 సీసీ బండి ఫ్రేము బరువులో దాదాపు సగం. పెట్రోలూ ఆయిలూ పోయకముందు బండి మొత్తం 176 కిలోలే.

నేనుండే జపాన్‌లోని హమామాత్సు సుజుకికి సొంత ఊరు. మా పక్క వీధిలో ఒక పెద్దాయన దగ్గర నీలం, తెలుపు రంగుల తొలి మోడల్ ఉంది. దాని ఫెయిరింగ్ (పైతొడుగు) విప్పిన రోజు నన్ను పిలిచి చూపించారు. నలుచదరపు గొట్టాలు, పోతపోసిన ముక్కలు, వాటిని కలిపిన వెల్డింగ్ గీతలు. ఎక్కడా అలంకారం లేదు. రెండు గుండ్రటి హెడ్‌లైట్లు కూడా సోకు కోసం పెట్టినవి కావు. సుజుకి 24 గంటల పందేలకు పంపిన బళ్ల ముఖం అలాగే ఉండేది. రాత్రంతా నడపాలంటే వెలుతురు కావాలి కదా. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్‌ను స్పాంజిలో అమర్చారు. దాని అంకెలు 3,000 నుంచి మొదలవుతాయి. అంతకంటే తక్కువలో ఈ ఇంజన్‌తో పనేముందని దాన్ని గీసినవాళ్ల ఉద్దేశం. ఆ ధీమా నాకు చాలా నచ్చింది.

ఈ బండి వెనక ఉన్న ఇంజనీరు ఎత్సువో యోకోఉచి. అప్పటి 750 బళ్లకన్నా ఐదో వంతు తేలిగ్గా ఉండాలన్నది ఆయన పెట్టిన లెక్క. ఆ లెక్కకు ఇంజన్‌ను చల్లబరచడమే పెద్ద అడ్డంకి. గాలి ఒక్కటే చాలదు. నీళ్లతో అయితే రేడియేటర్, పంపు, గొట్టాలు, సిలిండర్ల చుట్టూ నీటి దారులు, అన్నీ బరువే. అందుకని ఇంజన్‌లో ఎలాగూ తిరిగే ఆయిల్‌కే ఆ పనీ అప్పగించారు. పంపును రెండు భాగాలు చేశారు. ఒకటి బేరింగులకు ఒత్తిడితో ఆయిల్ పంపుతుంది. రెండోది సిలిండర్ హెడ్ మీద, దహనం జరిగే గది పైకప్పు మీద ధారగా కుమ్మరిస్తుంది. పిస్టన్ల అడుగున చిన్న నాజిళ్లు విడిగా ఆయిల్ చల్లుతాయి. వేడెక్కిన ఆయిల్ ముందున్న కూలర్‌లోకి వెళ్లి చల్లబడి వస్తుంది. మిగతా పని సిలిండర్ల మీది సన్నటి రెక్కలదీ గాలిదీ. ఇంజనీరింగులో నాకు ఇంతకన్నా తృప్తినిచ్చిన పరిష్కారాలు కొన్నే.

1984 శరదృతువులో జర్మనీలోని కొలోన్ మోటార్‌సైకిల్ ప్రదర్శనలో దీన్ని తొలిసారి చూపించారు. మా నాన్న విజయనగరంలో నడిపిన ఇండ్-సుజుకి మన రోడ్ల మీదికి వచ్చింది కూడా ఆ ఏడాదే. అది రెండు స్ట్రోకుల 100 సీసీ. ట్యాంకు మీద అదే పేరు చూసి పెరిగినందుకేమో, పెద్దాయన షెడ్డులో నిలబడితే బంధువుల ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

1985లో లె మాన్స్ 24 గంటల పందెంలో మొదటి రెండు స్థానాలూ ఈ బళ్లవే. 1988లో అమెరికాలోని డేటోనా 200 పందెంలో కెవిన్ ష్వాంట్జ్ దీని మీదే గెలిచారు. లోపమూ ఉంది. తొలి మోడల్ వేగంలో తల ఊపేది, అంటే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకునేది. 1986లో వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్‌ను 25 మిల్లీమీటర్లు పొడిగించి సరిచేశారు. జపాన్‌లో అమ్మినదాన్ని 77 హార్స్‌పవర్‌కే కట్టేశారు. పెద్దాయనదీ అలాంటిదే. ఆయనకు ఆ చింత లేదు. మలుపులో వంచినప్పుడు తెలిసేది బరువే తప్ప పవర్ కాదంటారు. నాదీ అదే మాట.

1992లో సుజుకి ఈ 750కి కూడా నీళ్లతో చల్లబడే ఇంజన్ పెట్టింది. పవర్ పెంచుకుంటూ పోతే ఆ వేడిని ఆయిల్ ఒక్కటే మోయలేదు కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. అయినా నాకు కావలసింది మాత్రం 1986 నాటి పొడుగు స్వింగార్మ్ బండి. ఇక్కడి పాత బళ్ల దుకాణాల్లో దానికోసమే వెతుకుతున్నాను.