తగ్గిందా అంటే ఏం చెప్పను?

జ్వరం పోయి 14 రోజులైంది. ఆకలి బాగానే వేస్తోంది, ఆయాసం లేకుండా మెట్లెక్కుతున్నాను, కానీ ఫోన్లో ఎవరైనా నవ్విస్తే మాత్రం దగ్గు మొదలై రెండు నిమిషాల దాకా ఆగదు. వెంటనే అవతల నుంచి "అయ్యో, ఇంకా తగ్గలేదా?" అని అడుగుతారు.

తగ్గడం అనే ఒక్క మాటలో మనం మూడు సంగతులు కలిపేస్తాం. వైరస్ చావడం, టెస్టు నెగటివ్ రావడం, దగ్గు పోవడం. ఈ మూడూ ఒకే రోజున జరగవు.

ముందు పోయేది వైరసే. ఫ్లూ అయితే మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్లలో లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, మొదలయ్యాక 5-7 రోజుల దాకా పక్కవాళ్లకు అంటుకుంటుంది. పిల్లల్లో ఇంకొన్ని రోజులు ఎక్కువ. కీమో తీసుకుంటున్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు ఈ లెక్కలేవీ పనికిరావు, వాళ్లలో వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఉండిపోతుంది.

టెస్టు సంగతి వేరు. కోవిడ్ వచ్చినప్పుడు నాకు 20వ రోజున కూడా ఆర్‌టీ-పీసీఆర్ పాజిటివే వచ్చింది, ఆ కాగితం పట్టుకుని రాత్రంతా టెన్షన్ పడ్డాను. ఆ పరీక్ష వెతికేది వైరస్ జన్యుపదార్థాన్ని, అది బతికున్న వైరస్‌దా, చచ్చినదాని ముక్కా అన్నది దానికి తెలియదు. 2020లో జర్మనీలో తొమ్మిది మంది రోగుల మీద చేసిన అధ్యయనంలో 8వ రోజు తర్వాత ల్యాబ్‌లో పెంచగలిగే వైరస్ ఒక్కరిలోనూ దొరకలేదు, ఆర్‌ఎన్‌ఏ, అంటే ఆ జన్యుపదార్థం, మాత్రం తర్వాత కూడా చాలా రోజులు కనిపించింది. రిపోర్టులో సీటీ విలువ అని ఒక అంకె ఉంటుంది చూడండి, జన్యుపదార్థం ఎంత తక్కువుంటే అది అంత పెద్దగా వస్తుంది, 35 దాటిందంటే మామూలుగా మిగిలింది ముక్కలే. అప్పుడు ఇది తెలిసుంటే నిద్రైనా పోయేదాన్ని.

అన్నిటికన్నా ఆలస్యంగా పోయేది దగ్గు. గొంతులో, శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి తోసే సన్నని నూగు ఉంటుంది, వైరస్ దాన్ని ఊడ్చేసి పోతుంది, అది మళ్లీ మొలవడానికి వారాలు పడుతుంది. అందాకా కాస్త చల్లగాలి తగిలినా, నవ్వినా దగ్గే. 2013లో వచ్చిన ఒక సమీక్షలో, ఇలాంటి ఇన్ఫెక్షన్‌లో దగ్గు సగటున 18 రోజులు ఉంటుందని తేలింది, జనాన్ని అడిగితే మాత్రం వారం, మహా అయితే 9 రోజులన్నారు. అనవసరమైన యాంటీబయాటిక్స్ మింగేది సరిగ్గా ఈ తేడాలోనే అనిపిస్తుంది నాకు. పదో రోజున ఓపిక నశించి మాత్ర వేసుకుంటాం, అది ఎలాగూ తగ్గే టైమే కాబట్టి పేరంతా మాత్రకు వస్తుంది. అన్నట్టు కఫం పచ్చగా ఉంటే బ్యాక్టీరియానే అని కూడా కాదు, ఆ రంగు మన తెల్ల రక్తకణాల ఎంజైముది.

జ్వరం ఒకసారి పోయి మళ్లీ వచ్చినా, ఆయాసం వచ్చినా, కఫంలో రక్తం పడినా మాత్రం లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. దగ్గు 8 వారాలు దాటినా అంతే.

నాకు అలాంటివేం లేవు. ఇంకో వారం నన్ను ఎవరూ నవ్వించకుండా ఉంటే చాలు.